యాక్టివ్ పికప్‌లు తీసి పాసివ్ పికప్‌లు బిగించడం: పాతకాలపు గిటార్ నాదం కోసం

బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చిన తొలి ఏళ్లలో మెటల్ సంగీతం మీది మోజుతో కొనుక్కున్న గిటార్ ఇంకా గోడకు వేలాడుతూనే ఉండి, వాయించాలనిపించే సంగీతం మాత్రం ఈలోగా మారిపోయిన తెలుగువారు నాకు తెలిసినంతలోనే ఐదారుగురు ఉన్నారు. వారిలో నేనూ ఒకడిని. అలాంటి గిటార్లలో చాలావాటికి నల్లని ప్లాస్టిక్ మూతల కింద ఈఎంజీ కంపెనీ 81, 85, 60 వంటి యాక్టివ్ పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం పికప్, బ్యాటరీతో నడిచేది యాక్టివ్), వెనుక గూట్లో ఒక 9 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. వాటిని తీసివేసి 1950ల నాటి తరహా, బ్యాటరీ అక్కర్లేని పాసివ్ పికప్‌లు పెట్టుకోవడం ఇంట్లో బల్ల మీద ఒక పూటలో అయ్యే పనే. అయితే పికప్ మార్చడమంటే పికప్‌ను మాత్రమే మార్చడం అనుకున్నవారికి ఆ పూట వృథా అవుతుంది. పికప్ నుంచి జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) దాకా ఉన్న దారిలో పాట్‌లు (వాల్యూం, టోన్ నాబ్‌ల కింద ఉండే, తిప్పితే విలువ మారే నిరోధకాలు), కెపాసిటర్, గ్రౌండ్ వైరు, జాక్ కనెక్షన్ అన్నీ దానితోపాటే మారాలి. పాతకాలపు నాదంలో సగం పికప్‌లో ఉంటే మిగతా సగం ఈ దారిలో ఉంటుందని నా అభిప్రాయం.

మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను పికప్‌లు మాత్రమే మార్చి, పాత పాట్‌లను అలాగే ఉంచేశాను. ఆంప్‌కు కలిపి తీగ మీటగానే ఎవరో గిటార్ మీద రగ్గు కప్పి వాయించినట్టు వినిపించింది. కొత్త పికప్‌లు నకిలీవేమోనని రెండు రోజులు అనుమానపడి, అమ్మిన వ్యక్తితో వాదన పెట్టుకున్న తరువాతే తప్పు నాదని తెలిసింది.

ఆ రగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతా పనంతా సులువుగా అర్థమవుతుంది. యాక్టివ్ పికప్‌లో కాయిల్‌కు తక్కువ చుట్లు వేసి, దాని నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని మూత లోపలే ఉన్న చిన్న ప్రీఆంప్ పెంచుతుంది. ప్రీఆంప్ నుంచి బయటికి వచ్చే సంకేతానికి ఇంపెడెన్స్ (ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు) తక్కువ కాబట్టి దానికి 25 కిలో ఓమ్‌ల పాట్‌లు సరిపోతాయి, కేబుల్ ఎంత పొడవున్నా పెద్దగా తేడా రాదు, మోత కూడా తక్కువ. పాసివ్ పికప్‌కు బ్యాటరీ ఉండదు. దాని సంకేతమంతా అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ నుంచే రావాలి. అన్ని చుట్లున్న కాయిల్‌కు ఇండక్టెన్స్, అంటే వేగంగా మారే సంకేతానికి అది పెట్టే అడ్డు, ఎక్కువ. పాతకాలపు తరహా హంబకర్‌కు (మోతను రద్దు చేసేందుకు రెండు కాయిళ్లు కలిపిన పికప్‌కు) అది సుమారు 4 హెన్రీలకు పైగా ఉంటుంది. అలాంటి కాయిల్ వెనుక 25 కిలో ఓమ్‌ల పాట్ పెడితే, లెక్క ప్రకారం 900 హెర్ట్జ్ దగ్గరి నుంచే పై స్వరాలు జారిపోవడం మొదలవుతుంది. టోన్ పాట్ కూడా 25 కిలో ఓమ్‌లదే అయితే ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోతుంది. గిటార్‌కు స్పష్టతను, మీటులోని పదునును ఇచ్చేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతం కాబట్టి, అది పోయాక మిగిలేది రగ్గు కప్పిన చప్పుడే.

అదే పికప్‌కు 500 కిలో ఓమ్‌ల పాట్, ఐదు మీటర్ల కేబుల్ ఉంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం ఏర్పడుతుంది. పాత రికార్డింగుల్లో గిటార్ గొంతు అని మనం గుర్తుపట్టేది చాలావరకు ఈ శిఖరాన్నే. వాల్యూం పాట్‌ను కొద్దిగా తగ్గిస్తే ఆ శిఖరం మెత్తబడుతుంది, పొడవాటి కేబుల్ తగిలిస్తే కిందికి దిగుతుంది, ఆంప్ ముందు ఫజ్ పెడల్ (నాదాన్ని గరగరగా మార్చే పరికరం) ఉంటే దాని ఇన్‌పుట్‌తోనూ కలిసి మారుతుంది. యాక్టివ్ పికప్ ఈ మార్పులన్నిటి నుంచీ సంకేతాన్ని కాపాడుతుంది, పాతకాలపు నాదం మాత్రం ఆ మార్పుల్లోనే ఉంది. వేలి ఒత్తిడిలో వచ్చే చిన్న తేడాలు, గమకం పలికించేటప్పుడు తీగ లోపలికీ బయటికీ జరిగే కదలిక పాసివ్ పికప్‌లో ఎక్కువగా వినిపిస్తాయని నాకు అనిపిస్తుంది. ఇది కొలిచి చెప్పిన మాట కాదు, చెవికి తోచిన మాట.

డబ్బు ఖర్చు పెట్టే ముందు

యాక్టివ్ పికప్ అంటే మెటల్‌కే అన్న మాట నిజం కాదు. గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 1980ల చివర, 1990ల మొదటి సగంలో తన రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ యాత్రల్లో ఈఎంజీ పికప్‌లున్న ఎర్ర స్ట్రాటోకాస్టర్‌నే ప్రధానంగా వాయించారు. మీకు కావలసింది కొంచెం మెత్తదనం మాత్రమే అయితే ముందు పికప్‌ను తీగల నుంచి రెండు మిల్లీమీటర్లు కిందికి దించి వినండి. గూట్లో చోటు ఉంటే రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 18 వోల్టులు ఇచ్చి చూడండి. బలంగా మీటినప్పుడు ప్రీఆంప్ నలిగిపోకుండా కాస్త ఊపిరి పోసుకుంటుంది. పాతకాలపు హంబకర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈఎంజీ 57, 66 వంటి యాక్టివ్ మోడళ్లు కూడా ఉన్నాయి, అవి పాత సాకెట్లలోనే దిగుతాయి, టంకం పని ఉండదు. ఇవేవీ తృప్తినివ్వనప్పుడే పాసివ్ వైపు వెళ్లడం మంచిది.

వెళ్లాలనుకున్నప్పుడు ఏ పాత నాదం కావాలో కూడా తేల్చుకోవాలి. గిబ్సన్ గిటార్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న సెత్ లవర్ రూపొందించిన హంబకర్‌కు 1955లో పేటెంట్ దరఖాస్తు పెట్టారు. 1957 నుంచి ఆ పికప్‌లు గిటార్లలోకి వచ్చాయి, పేటెంట్ 1959లో మంజూరైంది. పేటెంటుకు దరఖాస్తు చేశామని అడుగున స్టిక్కర్ ఉన్నందువల్లనే వాటికి పీఏఎఫ్ (పేటెంట్ అప్లైడ్ ఫర్) అన్న పేరు స్థిరపడింది. తరువాత స్టిక్కర్ మీద అచ్చయిన పేటెంట్ సంఖ్య అసలు పికప్‌ది కాదు, లెస్ పాల్ పేర ఉన్న ఒక బ్రిడ్జి పేటెంట్‌ది కావడం సంగ్రాహకులు ఇష్టంగా చెప్పుకునే వింత. ఆ పికప్‌లలో 42 గేజి తీగను ఒక్కో కాయిల్‌కు సుమారు 5,000 చుట్లు చుట్టేవారు. చుట్టే యంత్రాలు సరిగ్గా లెక్కపెట్టకపోవడంతో ఒకదానికొకటి పోలిక ఉండేది కాదు, నిరోధం 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య ఎక్కడైనా ఉండేది.

ఇప్పుడు ఆ తరహాలో దొరికే పికప్‌ల వివరాల్లో మూడు విషయాలు చూస్తే చాలు. మొదటిది అయస్కాంతం: ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ఉన్న మిశ్రమం) 2 ఉన్నది మెత్తగా, కొంచెం కుంగినట్టుగా పలుకుతుంది, ఆల్నికో 5 ఉన్నది గట్టి బేస్‌తో, పదునైన పై స్వరాలతో పలుకుతుంది. రెండోది నిరోధం: బ్రిడ్జి పికప్‌కు (తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరిది) 8 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల, నెక్ పికప్‌కు (గిటార్ మెడ వైపుది) 7.5 చుట్టుపక్కల ఉంటే అది పాత తరహా. 14, 16 అని రాసి ఉంటే అది వేరే అవసరానికి చేసినది. మూడోది మూత. పాత పికప్‌ల మూతలు నికెల్ సిల్వర్‌వి, అంటే రాగి, నికెల్, జింక్ కలిపిన మిశ్రమం. మన ఇళ్లలో పూజా సామానుకు వాడే జర్మన్ సిల్వర్ ఇదే జాతి. చౌక పికప్‌లలో ఇత్తడి మూతకు పూత పూసి ఇస్తారు, అది పై స్వరాలను కొంత మింగుతుంది. మూత దేనిదో చెప్పని పికప్ కంటే మూత లేని పికప్ కొనడం మేలు.

మైనంలో ముంచని పికప్‌లు అసలు పాతవాటికి మరింత దగ్గరగా ఉంటాయని ప్రచారం చేస్తారు. అది అబద్ధం కాదు, అసలువాటిని మైనంలో ముంచేవారు కాదు. కానీ ఆంప్‌లో ఎక్కువ గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) పెట్టినప్పుడు అవి కీచుమంటాయి. మెటల్ అలవాటు పూర్తిగా పోనివారు మైనం పోసినవే తీసుకోవాలి.

కొనే ముందు గిటార్‌లో పాత పికప్ విప్పి గూడు లోతు కొలవడం మరవకూడదు. పాసివ్ హంబకర్‌కు రెండు పక్కలా కిందికి వంగిన లోహపు కాళ్లు ఉంటాయి. ఈఎంజీల కోసమే చెక్కిన గూళ్లలో ఆ కాళ్లకు చోటు ఉండకపోవచ్చు. అప్పుడు కాళ్లున్న చోట ఆరేడు మిల్లీమీటర్ల మేర చెక్క తీయవలసి వస్తుంది. ఆ పని అలవాటు లేకపోతే ఎవరైనా గిటార్ మరమ్మతు చేసేవారికి అప్పగించండి. చేతి డ్రిల్లుతో గిటార్ ముఖం మీద పని చేయడం నేను ఎవరికీ చెప్పను. పికప్ రింగు లేని గిటార్ అయితే నెక్ వైపుకు ఎత్తు తక్కువది, బ్రిడ్జి వైపుకు ఎత్తు ఎక్కువది రింగులు కొనుక్కోవాలి.

ఇంకొకటి తరచుగా మరిచిపోయేది. యాక్టివ్ పికప్‌లలో చాలావాటికి లోపల పట్టీ అయస్కాంతం ఉంటుంది కాబట్టి తీగలు ఎక్కడ పడ్డా ఒకటే. పాసివ్ పికప్‌లో ఒక్కో తీగ కింద ఒక్కో స్తంభం ఉంటుంది. గిబ్సన్ తరహా బ్రిడ్జికి మొదటి స్తంభం నుంచి ఆరో స్తంభం దాకా దూరం సుమారు 50 మి.మీ., ఫ్లాయిడ్ రోజ్ లేదా ఫెండర్ తరహా ట్రెమోలోకు (కడ్డీతో ఊపగలిగే బ్రిడ్జికి) 52 నుంచి 53 మి.మీ. ఉన్న పికప్ ఎంచుకోవాలి.

ఎస్పీ రోడ్‌లో ఏమేం తీసుకోవాలి

పికప్‌లను సంగీత వాద్యాల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో కొనాలి కానీ మిగతా సామాను బెంగళూరులో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే ఎస్పీ రోడ్‌లోనే చౌక. చిక్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం పొద్దున్నే వెళ్లడం మంచిది. కన్నడం రాకపోయినా తెలుగులోనో హిందీలోనో నెట్టుకు రావచ్చు.

పాట్‌ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. హంబకర్లకు 500 కిలో ఓమ్‌ల పాట్‌లు కావాలి, స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న) పికప్‌లు పెడుతుంటే 250 కిలో ఓమ్‌లవి. వాల్యూంకు లాగ్ పాట్, అంటే మీద ఇంగ్లిష్ ‘A’ అక్షరం ఉన్నది అడగాలి. ఊరికే ఐదు వందల కె అని అడిగితే చాలాసార్లు ‘B’ అక్షరం ఉన్న లీనియర్ పాట్ చేతిలో పెడతారు. దానితో వాల్యూం తగ్గిస్తే చాలాసేపటి దాకా మార్పు తెలియక, చివరికి వచ్చాక ఒక్కసారిగా పడిపోతుంది. 500కు బదులు 470 అని రాసినవి దొరికితే సంకోచించకుండా తీసుకోండి. పాట్‌ల విలువలో ఇరవై శాతం తేడా ఎలాగూ ఉంటుంది. మల్టీమీటర్ వెంట తీసుకువెళ్లి రెండు చివరి కాళ్ల మధ్య కొలిచి, ఎక్కువ చూపించేవి ఏరుకుంటే నాదం కొంచెం తెరుచుకుంటుంది. దుకాణదారు విసుక్కున్నా ఫరవాలేదు.

అమెరికా కంపెనీ సీటీఎస్ పాట్‌లు పెట్టాలనుకునేవారు వాటి మెడ మందం 9.5 మి.మీ. అని గుర్తుంచుకోవాలి. ఇండొనేషియాలోనో కొరియాలోనో తయారైన గిటార్లలో చాలావాటికి రంధ్రాలు దానికంటే సన్నగా ఉంటాయి, వాటిని పెంచాల్సి వస్తుంది. పైన ఉండే నాబ్‌లు కూడా పళ్ల లెక్క కుదరక బిగుసుకోవు. నేను చిన్న పాట్‌లతోనే సరిపెట్టుకున్నాను, నాదంలో నష్టమేమీ వినిపించలేదు.

కెపాసిటర్ల గురించి గిటార్ లోకంలో ఉన్నంత మూఢ నమ్మకం ఇంకెక్కడా ఉండదేమో. నూనెలో తడిపిన కాగితపు పాత కెపాసిటర్లకు వేల రూపాయలు పెడతారు. నా చెవికి, విలువ సమానంగా ఉన్నంతవరకు, కొద్ది రూపాయల పాలియెస్టర్ కెపాసిటర్‌కూ దానికీ తేడా తెలియలేదు. హంబకర్లకు 0.022 మైక్రోఫారడ్, అంటే మీద 223 అని ముద్రించినది, సింగిల్ కాయిల్ పికప్‌లకు 0.047, అంటే 473 అని ముద్రించినది తీసుకోండి. వీటితోపాటు రోజిన్ ఉన్న 60/40 సోల్డర్ వైరు, డీసోల్డరింగ్ పంప్, హీట్ ష్రింక్ గొట్టం, రాగి టేపు, ఒక రెండు మీటర్ల సన్నని వైరు కావాలి. టంకం పెట్టే ఐరన్ 25 వాట్లది ఇంట్లో ఉంటే వైర్లకు సరిపోతుంది, కానీ పాట్ వీపు వంటి పెద్ద లోహానికి వేడి చాలదు. ఉలి ఆకారపు మొన ఉన్న 50, 60 వాట్ల ఐరన్ కొనడమో, అప్పు తెచ్చుకోవడమో చేయండి.

పని

గిటార్ కింద మెత్తని తువ్వాలు పరిచి, తీగలు విప్పి, అన్నిటికంటే ముందు బ్యాటరీ తీసేయాలి. లెస్ పాల్ తరహా బ్రిడ్జి ఉన్న గిటార్లలో తీగలు విప్పగానే బ్రిడ్జి, తోకభాగం ఊడి కింద పడతాయి, వాటిని పట్టుకుని పక్కన పెట్టండి. వెనుక మూత తీశాక ఏ వైరూ కదపకుండా ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ఈ ఫోటోల విలువ రాత్రి పదకొండు గంటలకు తెలుస్తుంది.

యాక్టివ్ పికప్‌ల వైర్లు చాలావరకు పిన్నులతో గుచ్చినవే కాబట్టి లాగితే వచ్చేస్తాయి. వాటి పాట్‌లు, కనెక్టర్ పలక, బ్యాటరీ క్లిప్ అన్నీ ఒక్క ముక్కగా బయటికి తీయండి, కత్తిరించకండి. ఏ పికప్ పలకాలో ఎంచుకునే మూడు వైపుల టోగుల్ స్విచ్ మామూలు లోహపు స్విచ్ అయితే అలాగే ఉండనివ్వవచ్చు, చిన్న పలక మీద అమర్చినది అయితే కొత్తది పెట్టాలి. జాక్‌కు మూడు కాళ్లు ఉంటాయి. మోనో కేబుల్ గుచ్చినప్పుడు నడుమ వలయానికి చెందిన కాలు, గ్రౌండ్ కాలు కలిసిపోవడం వల్లనే బ్యాటరీ ఆన్ అయ్యేది. ఇప్పుడు ఆ కాలితో పని లేదు, దాన్ని ఖాళీగా వదిలేసి అదే జాక్‌ను వాడుకోవచ్చు.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటి ఉంది. యాక్టివ్ పికప్‌లు పెట్టేటప్పుడు తీగలకు గ్రౌండ్ ఇవ్వనవసరం లేదని తయారీదారులే చెబుతారు, కనుక బ్రిడ్జి నుంచి వచ్చే గ్రౌండ్ వైరును కత్తిరించి టేపు చుట్టి ఉంటారు, లేదా ఫ్యాక్టరీలో అసలు వేయకుండానే వదిలేస్తారు. పాసివ్ పికప్‌లకు ఆ వైరు తప్పనిసరి. అది లేకపోతే గిటార్ ఎప్పుడూ గుయ్యిమంటూనే ఉంటుంది. ట్రెమోలో ఉన్న గిటార్‌లో వెనుక స్ప్రింగులు పట్టుకున్న లోహపు పంజాకు, దాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఒక వైరు టంకం పెడితే సరిపోతుంది. స్థిరమైన తోకభాగం ఉన్న గిటార్‌లో తోకభాగం స్టడ్ దిగే రంధ్రం నుంచి పాట్‌ల గూటికి సన్నని దారి ఉందేమో చూడాలి. ఉంటే స్టడ్ పట్టే లోహపు బుష్ కింద వైరు కొన నొక్కుకునేలా అమర్చాలి. దారి లేకపోతే పొడవాటి డ్రిల్ బిట్‌తో చేయించుకోవాలి, ఈ ఒక్క పనికి మరమ్మతు చేసేవారి దగ్గరికి వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు.

ఈ వైరు వేశాక మీ శరీరం, తీగల ద్వారా, ఆంప్ గ్రౌండ్‌కు కలుస్తుందని గుర్తుంచుకోండి. ఇది ఊరికే చెప్పే మాట కాదు. పాత అద్దె ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా లోపల ఎర్త్ వైరు కలిపి ఉండకపోవచ్చు. యాక్టివ్ పికప్‌లతో ఇన్నేళ్లూ ఏమీ తెలియనివారికి ఇప్పుడు తీగ తాకినప్పుడు చురుక్కుమనవచ్చు. ఆంప్ పెట్టే సాకెట్‌కు ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించుకున్నాకే కొత్త పికప్‌లతో వాయించండి.

గూళ్లకు రాగి టేపు అంటించాలంటే ఇదే సమయం. హంబకర్లు పేరుకు తగ్గట్టు మోతను రద్దు చేస్తాయి కానీ, అపార్ట్‌మెంట్‌లో ఎల్ఈడీ దీపాల నుంచి, ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి, ఇన్వర్టర్ నుంచి వచ్చే కరకర వేరు. టేపు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అంటించి, అతుకుల దగ్గర చుక్క టంకం పెట్టి, ఒక వైరుతో గ్రౌండ్‌కు కలపాలి. జాక్ కొన, స్విచ్ కాళ్లు ఆ రాగికి తగలకుండా చూసుకోవాలి.

తరువాత పాట్‌లు. పాట్‌ను వెనుక నుంచి, కాళ్లు కిందికి ఉండేలా చూస్తే, ఎడమ కాలికి పికప్ నుంచి వచ్చే వేడి వైరు (హాట్, అంటే సంకేతాన్ని మోసే వైరు), నడుమ కాలి నుంచి టోగుల్ స్విచ్‌కు వెళ్లే వైరు, కుడి కాలు వంచి పాట్ వీపుకు అంటించి గ్రౌండ్. వీపును ముందుగా గరుకు కాగితంతో రుద్ది, ఐరన్ మొనతో రెండు మూడు సెకన్లు వేడి చేసి, లోహం మీదే సోల్డర్ కరిగేలా చూడాలి. ఐరన్ మీద కరిగించి పూస్తే పైకి మెరిసినా లోపల పట్టుకోదు. టోన్ పాట్‌కు కెపాసిటర్ ద్వారా గ్రౌండ్ చేరుతుంది. ఇప్పటి గిటార్లలో టోన్ పాట్‌కు వెళ్లే వైరు వాల్యూం పాట్ ఎడమ కాలి నుంచి మొదలవుతుంది. 1950ల గిబ్సన్ గిటార్లలో అది నడుమ కాలి నుంచి మొదలయ్యేది. ఈ చిన్న తేడాతో వాల్యూం తగ్గించినప్పుడు పై స్వరాలు అంతగా చావవు, వాల్యూం, టోన్ నాబ్‌లు ఒకదాని మీద ఒకటి ప్రభావం చూపుతాయి. పాత నాదం కోసమే ఈ పనంతా చేస్తున్నాం కనుక నడుమ కాలినే ఎంచుకోండి. ఖర్చు ఏమీ లేని మార్పుల్లో ఇంతగా వినిపించేది ఇంకొకటి లేదు.

పికప్‌కు ఒకే వైరు, దాని మీద లోహపు అల్లిక ఉంటే, అల్లిక గ్రౌండ్, లోపలిది వేడి. అల్లిక వేరే కాళ్లకు తగలకుండా హీట్ ష్రింక్ తొడగాలి. నాలుగు రంగుల వైర్లుంటే తయారీదారును బట్టి అర్థం మారుతుంది. సేమూర్ డంకన్‌లో నలుపు వేడి, ఎరుపు, తెలుపు రెండూ కలిపి అతికి టేపు చుట్టాలి, ఆకుపచ్చ, తొడుగు లేని వైరు గ్రౌండ్‌కు. డిమార్జియోలో ఎరుపు వేడి, నలుపు, తెలుపు కలిపి అతకాలి, ఆకుపచ్చ, తొడుగు లేనిది గ్రౌండ్‌కు. పాట్‌ల వీపులన్నీ, స్విచ్ చట్రం, జాక్ గ్రౌండ్ కాలు, బ్రిడ్జి వైరు, రాగి టేపు ఒకే గ్రౌండ్‌గా కలవాలి. టంకం పని అయ్యాక చేతులు కడుక్కోండి, ఆ సోల్డర్‌లో సీసం ఉంటుంది.

తీగలు ఎక్కించకముందే

మూత బిగించే తొందరలో ఉంటాం కానీ, ఈ పరీక్షలు ముందు చేస్తే తరువాత తీగలు మళ్లీ విప్పే బాధ తప్పుతుంది. గిటార్‌కు కేబుల్ గుచ్చి, అవతలి కొనలో మల్టీమీటర్ పెట్టి, వాల్యూం నిండుగా ఉంచి కొలవండి. 8.2 కిలో ఓమ్‌ల బ్రిడ్జి పికప్‌కు సుమారు 8.1 చూపించాలి, పాట్ సమాంతరంగా ఉండటం వల్ల ఆ మాత్రం తగ్గుతుంది. స్విచ్ నడుమ పెడితే రెండు పికప్‌లు సమాంతరంగా కలిసి 4కు కాస్త అటూ ఇటూ చూపించాలి. ఏమీ చూపించకపోతే ఎక్కడో వైరు తెగింది, సున్నా చూపిస్తే వేడి వైరు గ్రౌండ్‌కు తగిలింది. బ్రిడ్జి లోహానికీ జాక్ గ్రౌండ్‌కూ మధ్య ఒక ఓమ్ లోపే ఉండాలి.

రెండు వేర్వేరు కంపెనీల పికప్‌లు పెట్టినవారు ఫేజ్, అంటే రెండింటి సంకేతాలు ఒకే దిక్కుగా ఉన్నాయో లేదో, కూడా చూసుకోవాలి. మీటర్‌ను ఓమ్‌లలోనే ఉంచి, ఇనుప స్క్రూడ్రైవర్‌ను పికప్ ముఖానికి ఆనించి ఒక్కసారిగా పైకి లాగితే అంకె ఒక క్షణం పెరగడమో తగ్గడమో జరుగుతుంది. రెండు పికప్‌లలోనూ అది ఒకే దిక్కుగా జరగాలి. లేకపోతే స్విచ్ నడుమ ఉన్నప్పుడు నాదం పల్చగా, ముక్కుతో పాడినట్టు వస్తుంది. అప్పుడు ఒక పికప్ వేడి వైరును, గ్రౌండ్ వైపు వైరును తారుమారు చేయాలి, తొడుగు లేని వైరు మాత్రం గ్రౌండ్ మీదే ఉండాలి.

తీగలు ఎక్కించాక ఎత్తు సరిచూడటం మిగులుతుంది. యాక్టివ్ పికప్‌ల అయస్కాంతపు లాగుడు తక్కువ కనుక అవి తీగలకు దాదాపు ఆనుకుని ఉన్నా ఇబ్బంది లేదు. అదే ఎత్తులో పాసివ్ పెడితే తీగ ఊపు తగ్గి, పై ఫ్రెట్ల మీద శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, బ్రిడ్జి పికప్ స్తంభం నుంచి తీగ అడుగుకు 1.6 మి.మీ., నెక్ పికప్‌కు 2.4 మి.మీ. దూరంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి అర తిప్పు చొప్పున కిందికి దించుతూ వినండి. నా గిటార్‌లో నెక్ పికప్ చివరికి 3 మి.మీ. దాటి దిగింది, అప్పుడే బేస్ తీగల ముద్దదనం పోయి ఒక్కో స్వరం విడిగా పలికింది. పికప్ దించితే స్తంభాల మరలు కొంచెం పైకి తిప్పుకోవచ్చు.

ఆంప్ అమరికలు కూడా పాతవి పనికిరావు. సంకేతం బలం తగ్గింది కాబట్టి గెయిన్ పెంచాల్సి వస్తుంది, పై స్వరాలు పెరిగాయి కాబట్టి ట్రెబుల్ తగ్గించాల్సి వస్తుంది. వాల్యూం నాబ్‌ను ఎప్పుడూ పదిలోనే ఉంచే అలవాటు మానుకుని ఆరు, ఏడు దగ్గర ఆంప్‌ను సర్దుకుంటే, సోలోకు పైకి తిప్పడానికి చోటు మిగులుతుంది. పది మీటర్ల పాత కేబుల్‌తో శిఖరం 3 కిలోహెర్ట్జ్ నుంచి 2.3 దాకా దిగవచ్చు. ఇంట్లో వాయించేవారు మూడు నుంచి ఐదు మీటర్ల కేబుల్‌కు మారడం మంచిది. ఫజ్ పెడల్ ఉంటే గిటార్ తరువాత మొదటిదిగా దాన్నే పెట్టి, మధ్యలో బఫర్ (సంకేతం ఇంపెడెన్స్‌ను తగ్గించే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ ఏదీ రాకుండా చూడండి. వాల్యూం తగ్గించగానే ఫజ్ శుభ్రపడే గుణం యాక్టివ్ పికప్‌లతో దొరకదు, ఇప్పుడు దొరుకుతుంది.

తీసివేసిన యాక్టివ్ సరంజామాను పాట్‌లు, కనెక్టర్ పలక, స్టీరియో జాక్ మార్చి ఉంటే అది కూడా కలిపి ఒక డబ్బాలో వేసి, మీద గిటార్ మోడల్ పేరు రాసి పెట్టండి. పూర్తి సెట్టుగా ఉంటే మళ్లీ అమ్ముకోవచ్చు, లేదా మనసు మారితే గంటలో తిరిగి బిగించుకోవచ్చు. ఆ డబ్బాలో బ్యాటరీని మాత్రం పెట్టవద్దు, అది కారి క్లిప్పుకు పచ్చని తుప్పు పట్టించవచ్చు.